చిన్న ట్రాక్టరుకు ఫ్రంట్ లోడరు: రెండింటినీ తోటలో నడిపి చూశాక

దేవనహళ్ళి దగ్గర మాకున్న నాలుగెకరాల జామ, ద్రాక్ష తోటలో పెండ ఎరువు, ఎర్రమట్టి, కత్తిరించిన కొమ్మలు మోయించడానికి జేసీబీని పిలిస్తే, అది సాళ్ళ మధ్య తిరగలేక చెట్ల వేళ్ళు తొక్కేస్తోంది. అందుకే ఈసారి 27 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు కొంటూ, దానికి లోడరు, అంటే ముందు భాగాన బిగించి బకెట్టుతో మట్టి ఎత్తే పరికరం, కూడా అప్పుడే బిగించుకోవాలనుకున్నాము. కుబోటా నియోస్టార్ బి2741, జాన్ డీర్ 3028 ఇఎన్ తరగతి ట్రాక్టర్లు చూసేవారందరికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది కనుక, బెంగళూరు చుట్టుపక్కల మాకు దొరికిన రెండు రకాల లోడర్ల గురించి వివరంగా రాస్తున్నాను.

మొదటిది నగర శివారులోని ఒక వర్క్‌షాపులో కొలతలు తీసుకుని తయారుచేసి ఇచ్చేది. రెండవది ఆ ట్రాక్టరు మోడలుకే రూపొందించిన కిట్టు. దీని ధర మొదటిదానికంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. విచిత్రమేమిటంటే, కాగితం మీద చౌకదే ఎక్కువ బరువు ఎత్తుతుంది: 500 కిలోలని దాని యజమాని చెప్పారు, కిట్టు పత్రంలో 300 అని ఉంది. ఆ 500 బకెట్టును లోడరు చేతులకు కలిపే పిన్నుల దగ్గర, నేలమట్టంలో కొలిచిన లెక్క అని, పూర్తి ఎత్తులో, బకెట్టు మధ్యలో బరువు ఉన్నప్పుడు ఎంత ఎత్తుతుందో ఆయన ఎన్నడూ కొలవలేదని గుచ్చి అడిగితే గాని తెలియలేదు. కొనేవారు ముందుగా అడగవలసింది ఈ పూర్తి ఎత్తు అంకెనే.

వానపడ్డ మరునాడు ఆ వర్క్‌షాపు లోడరును మా తోటలోనే నడిపి చూశాము. తడి ఎర్రమట్టి ఘనమీటరుకు సుమారు 1,800 కిలోలు తూగుతుంది. వారిచ్చిన బకెట్టులో 0.2 ఘనమీటరు పట్టింది, అంటే మట్టి ఒక్కటే 360 కిలోలు. బకెట్టు నడుము ఎత్తు దాటగానే, చింతామణి నుండి వచ్చి మా దగ్గర పనిచేస్తున్న డ్రైవరు గట్టిగా కేకవేశాడు: "అన్నా, ఎనక చక్రం లేస్తా ఉంది, దించేస్తా!" నేను వంగి చూస్తే, వెనుక టైరు గుబ్బలకు అంటిన మట్టికీ నేలకూ మధ్య నా అరచెయ్యి దూరేంత సందు ఉంది. ఇలాంటి ట్రాక్టరు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. ఫోర్ వీల్ వేసి లేనప్పుడు ఆ చక్రాలు తేలిపోతే వాలులో బండిని ఆపేదేమీ ఉండదు. ఆ క్షణంలో నాకు కలిగిన భయం ఇప్పటికీ గుర్తుంది.

అయితే తప్పంతా లోడరుదే కాదు. వెనుక బరువు కట్టకుండా ఏ లోడరునూ నడపకూడదు, ఆ మాట వర్క్‌షాపు వారు మాకు చెప్పలేదు. తరువాత మేము 200 లీటర్ల డ్రమ్ములో కాంక్రీటు పోయించి, ట్రాక్టరు వెనుక పరికరాలు తగిలించే త్రీ పాయింట్ లింకేజీకి తగిలించుకున్నాము. అది దాదాపు 480 కిలోలు తూగుతుంది, మా ట్రాక్టరు లిఫ్టు ఎత్తగలిగే బరువుకు లోపలే ఉంది. ఆ డ్రమ్ముకు బదులు మట్టిని గుల్లచేసే రోటావేటరు తగిలించి ఉన్నా కొంత పని జరుగుతుంది గాని, అది వెనక్కి పొడుగ్గా ఉండడం వల్ల సాళ్ళలో తిరగడం కష్టం.

నా నిర్ణయాన్ని మార్చింది మాత్రం బిగింపు పద్ధతి. వర్క్‌షాపు వారు లోడరు స్తంభాలను ముందు చాసిస్‌కు, క్లచ్ హౌసింగ్ దగ్గరి బోల్టులకు పట్టించి, రెండు చోట్ల వెల్డింగ్ కూడా చేస్తామన్నారు. అలా చేస్తే బకెట్టు మట్టిలో దిగినప్పుడల్లా వచ్చే తోపుడు ట్రాక్టరు నడుముమీద, అంటే ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట పడుతుంది. అక్కడి పోత ఇనుము పగిలితే బండి రెండుగా విడిపోతుంది, వెల్డింగ్ చేసిన ట్రాక్టరుకు వారంటీ కూడా చెల్లదు. కిట్టులో ముందునుండి వెనుక యాక్సిల్ దాకా రెండు పక్కలా ఇనుప చట్రం సాగి, ఆ తోపుడును వెనుక చక్రాల వరకు మోసుకుపోతుంది. ఎక్కువ పెట్టిన డబ్బు ఈ చట్రం కోసమే పెట్టాననుకుంటున్నాను, అందుకు విచారం లేదు.

నూనె ఒత్తిడితో లోడరును కదిలించే హైడ్రాలిక్స్ విషయంలో ఒక తేడా చెప్పాలి. చౌకదానిలో రెండు విడి లీవర్లు, కిట్టులో ఒకే జాయ్‌స్టిక్. అంతకంటే ముఖ్యం, జాయ్‌స్టిక్‌ను ముందుకు పూర్తిగా నెడితే బకెట్టు నేల ఎత్తుపల్లాలను అనుసరించి తనంతట తాను తేలుతూ పోయే స్థానం ఉంది. చేను చదును చేసేటప్పుడు, కళ్ళం ఊడ్చేటప్పుడు అది లేకపోతే డ్రైవరు చెయ్యి లీవరు మీదనుంచి తీయలేడు. లోడరు వాల్వు దాటిన నూనె వెనుక లిఫ్టుకు చేరే ప్రత్యేక పైపు ఉందో లేదో కూడా కొనేముందు నడిపించి చూసుకోవాలి. పవర్ స్టీరింగ్ లేని ట్రాక్టరుకు లోడరు ఆలోచనే వద్దు.

బకెట్టు ఎంపికలో కిట్టువారు పెద్దది అంటగట్టబోయారు. మేము 0.15 ఘనమీటర్ల చిన్నదాన్నే తీసుకున్నాము, ఎందుకంటే తడిమట్టి నిండినా 270 కిలోలు దాటదు. పెండ ఎరువు తేలిక కనుక దానికి పెద్ద బకెట్టయినా సరిపోయేది గాని, రెండు సార్లు ఎక్కువ తిరిగినా నష్టం లేదు. పిన్ను లాగి బకెట్టు మార్చుకునే ఏర్పాటుకు అదనంగా డబ్బు అడిగినా ఇచ్చాము, కొమ్మలెత్తే ఫోర్కులు తగిలించేందుకు అది బాగా పనికి వస్తోంది.

ఆరు నెలలుగా వాడుతున్నాము. పిన్నులకు రోజూ పనికి ముందు గ్రీజు కొట్టిస్తున్నాను, బండి నడిచేటప్పుడు నిండు బకెట్టును మోకాలి ఎత్తు దాటనివ్వకుండా, ఫోర్ వీల్ వేసే ఉంచి, వాలు దిగేటప్పుడు వెనక్కి నడపమని డ్రైవరుకు చెప్పాను. ఒకే లోపం కనిపించింది: కుడివైపు హోస్ పైపు బకెట్టు పూర్తిగా లేచినప్పుడు చట్రం అంచుకు రాసుకుని పైపొర అరిగిపోయింది. అమ్మినవారికి ఫోటో పంపితే క్లిప్పు మార్చి, కొత్త పైపు వేసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. ఈ పైపును మాత్రం కొన్న రోజే చూసుకోండి.