లినెన్ లేని స్ట్రాప్ కొనకండి: కాన్పూర్ నుంచి తెప్పించిన మూడంగుళాల పట్టీ

మంగలి కత్తితో ఇంట్లోనే గడ్డం గీసుకునేవాళ్లు మన దగ్గర కొద్దిమందే. ఆ కొద్దిమందిలోనూ చాలామంది డబ్బంతా కత్తి మీద పెట్టేసి, స్ట్రాప్ (కత్తి అంచును లాగి సరిచేసుకునే పట్టీ) దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక పాత బెల్టు ముక్కతో సరిపెట్టుకుంటున్నారు. కత్తి ఎంత గొప్పదైనా రోజూ దాని పదునును కాపాడేది స్ట్రాపే. అందుకే కాన్పూర్‌లోని ఒక చిన్న వర్క్‌షాప్ నుంచి నేను తెప్పించుకున్న వేలాడే స్ట్రాప్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. ధర 3,400 రూపాయలు, విశాఖకు కొరియర్ ఖర్చు అదనం. ముందే చెప్పేస్తున్నా, ఇది కొనదగ్గ సరుకు. అందుకు కారణం తోలు కన్నా దాని వెనకున్న లినెన్.

ఇందులో రెండు పట్టీలున్నాయి, ఒకటి గేదె తోలు, రెండోది అవిసె నారతో నేసిన మందపాటి లినెన్. పైన రెండూ ఒకే డి రింగుకు కలిసుంటాయి, కింద దేని పిడి దానిదే. రెండింటినీ కలిపి కుట్టేసినవి కూడా బజార్లో దొరుకుతాయి గానీ వాటిలో లినెన్ పాడైతే తోలు కూడా పోయినట్టే, ఇక్కడ స్క్రూ విప్పి లినెన్ ఒక్కటే మార్చుకోవచ్చు. వెడల్పు 3 అంగుళాలు, పనికొచ్చే పొడవు 20 అంగుళాలు. మామూలు కత్తి అంచు కూడా దాదాపు మూడంగుళాలే ఉంటుంది కాబట్టి ఒక్క లాగులో అంచు మొత్తం పట్టీకి తగులుతుంది. పట్టీ సన్నగా ఉంటే కత్తిని పిడి వైపు చివర నుంచి మొన దాకా ఏటవాలుగా జరుపుకుంటూ లాగాలి. అది నేర్చుకోలేనిదేమీ కాదు, కానీ కొత్తవాళ్లకు చెయ్యి కుదిరేలోపు అంచు ఒకవైపే అరిగిపోతుంది.

తోలు సంగతి. కాన్పూర్ అంటేనే గుర్రపు జీనులు, కళ్లేలు. ఆ పనికి వాడే తరహా తోలే ఇది, చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, శుద్ధి చేసినది. అక్కడ నల్లతుమ్మ చెక్క వాడకం పాతకాలం నుంచీ ఉంది. మన దక్షిణాదిలో ఇదే పని తంగేడు చెక్కతో చేసేవాళ్లు, ఆ తోళ్లు మద్రాసు నుంచి ఓడల్లో ఇంగ్లండుకు వెళ్లేవి. ఇలాంటి తోలు సాగదు, బిగించి పట్టుకుంటే మధ్యలో లోతుపడదు. బ్యాగులకు వాడే మెత్తటి క్రోమ్ తోలుతో ఇబ్బందే అది, కత్తి బరువుకు కుంగి అంచును వంపులో రుద్దుతుంది, పదును గుండ్రమైపోతుంది. ఈ తోలు మీద అరచెయ్యి ఆనించి లాగితే కాస్త పట్టుకున్నట్టు ఆగి, వదిలి జారుతుంది. నాకు ఆ పట్టు సరిగ్గా సరిపోయింది, మరీ నున్నగా జారిపోయే తోలయితే కత్తి కదులుతున్న సంగతే చేతికి తెలియదు. రోజూ పని మొదలుపెట్టేముందు పొడి అరచేత్తో నాలుగుసార్లు గట్టిగా రుద్దుతాను, చేతి జిడ్డే దానికి చాలు. నూనెలు, పాలిష్‌లు ఏమీ పట్టించక్కర్లేదు.

ఇక లినెన్. ఇది లేకపోయినా నడుస్తుందని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. గడ్డం గీసుకున్నాక కత్తిని ఎంత జాగ్రత్తగా తుడిచినా సబ్బు పొర, కుళాయి నీళ్లలోని ఉప్పు, కంటికి కనపడని తుప్పు అంచు మీద మిగులుతాయి. బాగా నూరిన అంచు మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా తక్కువ, గడ్డం వెంట్రుక వంద మైక్రాన్లకు అటూ ఇటూ. అంత సన్నటి అంచు మీద ఏ కొంచెం మురికి పేరుకున్నా చర్మానికి వెంటనే తెలుస్తుంది. అవిసె నార తోలు కన్నా గరుకు, దాని నేతలోని ఎత్తుపల్లాలు ఆ మురికిని రుద్ది తీసేస్తాయి. ఆ తర్వాతే తోలు తన పని చేస్తుంది, అంచును సరిచేసి నునుపు చేస్తుంది. లినెన్ మానేసి నేరుగా తోలు మీదికి పోతే ఆ మురికంతా తోలుకు అంటుకుంటుంది. విశాఖలో సముద్రం గాలికి కార్బన్ స్టీల్ కత్తి రాత్రికి రాత్రే మచ్చపడుతుంది కాబట్టి నాకు ఇది మరీ ముఖ్యం. గీసుకోవడం పూర్తయ్యాక కూడా కత్తిని ఆరబెట్టి లినెన్ మీద ఒక పదిసార్లు లాగి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి పెట్టేస్తాను.

అసలు ఉక్కు అంచు వెంట్రుకకు ఎందుకు పాడవుతుందనే ప్రశ్న చాలామందికి వస్తుంది, ఉక్కు వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిది కదా. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. తేలిందేమిటంటే, వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకేలా లేని చోట అంచు చిన్నచిన్న పెచ్చులుగా లేచిపోతుంది. వాళ్లు చూసింది వాడి పారేసే బ్లేడ్లను. మన కత్తి పారేసేది కాదు. పెచ్చు లేచిన చోటును స్ట్రాప్ బాగుచేయలేదు, దానికి సానరాయే కావాలి, కానీ రోజూ లినెన్, తోలు రెండూ సరిగ్గా చూపిస్తే ఆ రాయి దగ్గరికి వెళ్లే అవసరం నెలల తరబడి రాదు.

వాడే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే దాన్ని బట్టే ఈ పట్టీ బాగోగులు తెలుస్తాయి. రింగును కిటికీ ఊచకు తగిలించి పట్టీని బిగువుగా లాగి పట్టుకోవాలి. కత్తిని పూర్తిగా పడుకోబెట్టాలి, వెన్ను (కత్తి మందపాటి వైపు), అంచు రెండూ పట్టీకి ఆనాలి. లాగేటప్పుడు వెన్ను ముందు, అంచు వెనక. చివరికొచ్చాక ముందు ఆపాలి, కత్తిని వెన్ను మీదే దొర్లించాలి, అప్పుడే వెనక్కి రావాలి. ఆ ఆగడం లేకపోతే అంచు ముందుకొచ్చి తోలులో గంటు పడుతుంది. సాధారణంగా చెప్పే లెక్క లినెన్ మీద 20 నుంచి 30, తోలు మీద 50 నుంచి 60 సార్లు. నొక్కొద్దు, కత్తి బరువే చాలు. ఈ లినెన్ మీద సన్నటి బరబర చప్పుడు వస్తుంది, మొదట్లో కొంచెం హెచ్చుతగ్గులుగా ఉండి, మురికి పోయేకొద్దీ ఒకే శృతిలోకి వస్తుంది. ఆ చప్పుడు కుదిరాకే నేను తోలుకు మారతాను. మన ఊళ్లలో చెట్టు కింద క్షౌరం చేసిన పెద్దలు అరచేతి మీదే కత్తిని అటూ ఇటూ లాగి అంత పదును నిలబెట్టేవాళ్లు, వాళ్ల చెయ్యి వాళ్లది, మనకు మాత్రం పట్టీ ఉండాల్సిందే.

లోపాలు ఉన్నాయి. లినెన్ గంజి పెట్టిన పంచెలా బిరుసుగా వచ్చింది. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఆరనిచ్చి, గాజు సీసాతో బాగా రుద్దితే గానీ దారికి రాలేదు. ఇంత ధరకు ఆ పని తయారుచేసినవాళ్లే చేసి పంపాలి. తోలు అంచులు కోసినవి కోసినట్టే ఉన్నాయి, కాస్త రాసి గుండ్రం చేసుంటే బాగుండేది. పైన రింగు దగ్గర రివెట్లు మాత్రం గట్టిగా ఉన్నాయి, తోలు మీద ఒక్క మచ్చ కూడా లేదు. పెట్టెలో ఆకుపచ్చ పేస్టు ఒక చిన్న డబ్బా ఉచితంగా పెట్టారు, అది క్రోమియం ఆక్సైడ్. దయచేసి దాన్ని ఈ తోలుకు పూయకండి. అది అరగదీసే పొడి, పదును తగ్గినప్పుడు ఎప్పుడో ఒకసారి వేరే పట్టీ మీద వాడాల్సింది. తోలుకు ఒకసారి పట్టిందంటే మళ్లీ పోదు, రోజూ అంచును తినేస్తూనే ఉంటుంది.

అడిగితే లినెన్ పట్టీ విడిగా 700 రూపాయలకు పంపుతామన్నారు. ఇప్పటికే తోలు స్ట్రాప్ ఉన్నవాళ్లు ముందు అదొక్కటే తెప్పించుకుని దానికి తగిలించుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పూర్తి సెట్టే తీసుకోండి, 400 తక్కువకు రెండంగుళాల వెడల్పుది కూడా చూపిస్తారు, అది మాత్రం వద్దు.