అట్ట కవర్లలో వచ్చే సీడీ బాక్స్ సెట్లు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఇంకా సీడీలు కొంటున్న వాళ్ళకి, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో పెద్ద బాక్స్ సెట్లు తెప్పించుకునే వాళ్ళకి ఈ హెచ్చరిక. డిస్కు నేరుగా అట్టకి రాసుకుంటూ ఉండే ప్యాకింగ్ అయితే, పైకి ఎంత అందంగా కనబడినా, ముందు వివరాలు అడగకుండా కొనకండి. బయట అట్ట ఉంటే నష్టం లేదు. లోపల డిస్కు దేన్ని ఆనుకుని ఉందన్నదే ముఖ్యం.

జరిగింది చెబుతాను. పాత కర్ణాటక సంగీత కచేరీల రికార్డింగులు ఒక పెద్ద సెట్‌గా దొరుకుతున్నాయని తెలిసి, ఒక ఆన్‌లైన్ సైట్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఆర్డర్ పెట్టాను. కొత్తది, సీలు తీయనిది అని రాశారు. బాక్సు నిజంగానే బాగుంది. గట్టి అట్ట, పాత ఫొటోలతో లావుపాటి పుస్తకం, ఒక్కో డిస్కుకి ఒక్కో బొమ్మ కవరు. ధర కూడా దానికి తగ్గట్టే ఉంది. అయితే ఆ కవర్లు డిస్కుకి సరిగ్గా సరిపోయేంత బిగువుగా ఉన్నాయి. లోపల పలచటి ప్లాస్టిక్ తొడుగు లేదు, కాగితం తొడుగూ లేదు. డిస్కు మెరిసే వైపు అట్ట మీదే ఆనుకుని ఉంది.

మొదటి డిస్కు బయటికి తీస్తేనే అడుగున సన్నటి గీతలు కనిపించాయి. అది ఎవరూ ముట్టుకోని కొత్త డిస్కు. తర్వాతి వాటిలో కొన్నింటికి అంచు పక్కన చారలా ఏదో అంటుకుని ఉంది. వేలితో తడిమితే జిగురు. కవరు మడత అతికించేటప్పుడు ఎక్కువైన గమ్ లోపలికి జారి, ఆరి, డిస్కుని పట్టేసుకుంది. ఒక డిస్కుని కవరు నుంచి విడదీస్తే అట్ట పొర కూడా దానితో పాటు ఊడి వచ్చింది.

ప్లేయర్‌లో పెడితే ఏమవుతుందో ఊహించండి. సినిమా పాటల సీడీలో ఒక పాట ఆగిపోతే తర్వాతి పాటకి వెళ్ళిపోవచ్చు. కచేరీ అలా కాదు. రాగం తానం పల్లవి మొత్తం ఒకే ట్రాకు. ఆలాపన తారస్థాయికి చేరుతున్న చోట టిక్కు టిక్కు మంటూ అక్కడే తిరగడం, తర్వాత పూర్తిగా నిశ్శబ్దం. సీడీ లోపలి నుంచి బయటి అంచు వైపుకి చదవబడుతుంది కాబట్టి, అంచున జిగురు ఉంటే నిండా రికార్డు చేసిన డిస్కులో పోయేది చివరి భాగం. అంటే పల్లవి, మృదంగం వాళ్ళు విడిగా వాయించే తనియావర్తనం. కచేరీలో ఎదురుచూసేదే అది. ఆ విద్వాంసులు ఇప్పుడు లేరు. ఆ సాయంత్రం మళ్ళీ రాదు. దాన్ని ఇలాంటి చవక కవరులో పెట్టి పంపిన వాళ్ళ మీద నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో మీకే అర్థమవుతుంది. సీడీ అంటే 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ బిళ్ళ. దాని పై భాగంలో అల్యూమినియం పూత, ఆ పూత మీద పలచటి లక్క లాంటి రక్షణ పొర, దాని మీద బొమ్మ, పేర్లు. లేజర్ కింది నుంచి ఆ ప్లాస్టిక్ మందం అంతా దాటి వెళ్ళి పూతని చదువుతుంది. అందుకే మెరిసే వైపు పడ్డ చిన్న గీతల్ని ప్లేయర్ చాలావరకు సర్దుకుంటుంది. సీడీలో పొరపాట్లు సరిచేసే ఏర్పాటు ఉంది. ట్రాకు వెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల పొడవు సమాచారం పోయినా అది తిరిగి కూర్చుకోగలదు. మధ్య నుంచి అంచుకి అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కొంచెమే తగులుతుంది కాబట్టి పెద్దగా బాధించదు. గుండ్రంగా, ట్రాకు వెంటే సాగిన గీత మాత్రం ప్రమాదం. వదులు కవరులో డిస్కు దారి పొడవునా ఊగుతూ తిరుగుతుంది కదా, అట్ట మీద ఇసుక రేణువు లాంటిది ఏదైనా ఉంటే సరిగ్గా అలాంటి గీతే పడుతుంది. బిగువు కవరులో ఆ తిరగడం ఉండదు గానీ, తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ రాపిడి తప్పదు.

చాలామంది మెరిసే వైపునే కాపాడతారు. బొమ్మ వైపే ఎక్కువ సున్నితం. ఆ వైపు సమాచారానికీ బయటి ప్రపంచానికీ మధ్య ఉన్నది కొన్ని మైక్రాన్ల పొర మాత్రమే. అడుగున పడ్డ గీతని పాలిష్ చేయించుకోవచ్చు. పైన పూత లేచిపోతే ఇక చేయగలిగింది లేదు. అట్టకి అతుక్కున్న డిస్కుని బలంగా లాగితే జరిగేది అదే.

కాగితం, అట్ట వల్ల ఇంకో రకం నష్టం ఉందని పాత సీడీలు సేకరించే వాళ్ళకి తెలుసు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో ఫిలిప్స్, డ్యూపాంట్ కలిసి నడిపిన పీడీఓ ఫ్యాక్టరీలో 1988 నుంచి 1993 మధ్య తయారైన చాలా సీడీలు కొన్నేళ్ళకి అంచుల నుంచి రాగి రంగుకి తిరిగి పాడైపోయాయి. వాటి రక్షణ పొర కాగితంలోని గంధకానికి తట్టుకోలేకపోయిందని తేలింది. తప్పు ఆ పొరదే, అన్ని సీడీలకీ ఇలా కాదు. కానీ సెకండ్ హ్యాండ్‌లో ఆ కాలపు ఇంగ్లండ్ ముద్రణలు కొనే వాళ్ళు డిస్కు మధ్య రింగు దగ్గర పీడీఓ అని ఉందేమో చూసి, రంగు మారిందేమో ఫొటో అడగండి.

మన వాతావరణం సంగతి మరీ ముఖ్యం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో గాలిలో తేమ ఏడాది పొడవునా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన సూచనల్లో డిస్కులు దాచే చోట తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండాలని చెప్పింది. మన తీరంలో ఏసీ లేని గదిలో అది సాధ్యం కాదు. ఎక్కువ కాలం దాచే డిస్కుల కేసులోంచి కాగితం పుస్తకాన్ని కూడా తీసి విడిగా ఉంచమని అదే సూచనల్లో ఉంది, కాగితం తేమని లాక్కుంటుందని. అలాంటిది డిస్కు చుట్టూ అట్టే ఉంటే ఎలా? వానాకాలంలో అట్ట ఉబ్బుతుంది, బూజు పడుతుంది, పుస్తకాల పురుగులకీ చెదలకీ అదే మేత.

ప్లాస్టిక్‌ని నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు. మామూలు జ్యూయల్ కేసు, అంటే సీడీలు వచ్చే గట్టి ప్లాస్టిక్ డబ్బా, పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, పెళుసు. పార్సిల్‌లో చిన్న దెబ్బకే మూత విరుగుతుంది. మధ్యలో డిస్కుని పట్టుకునే పళ్ళు విరిగితే డిస్కు లోపల దొర్లుతుంది, ఆ ముక్కలే గీతలు పెడతాయి. పాత రెండు డిస్కుల లావు కేసుల్లో పెట్టిన స్పాంజి ముక్కలు ఏళ్ళకి జిగటగా మారి డిస్కుని పాడుచేస్తాయి. అలాంటివి మీ ఇంట్లో ఉంటే ఈరోజే తీసి పారేయండి. పీవీసీ జేబుల ఫోల్డర్లు కూడా వద్దు. ఆ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే రసాయనం బయటికి వచ్చి డిస్కుకి అంటుకుంటుంది. పర్యావరణం కోసం ప్లాస్టిక్ తగ్గించాలన్న కంపెనీల మాటనీ నేను కాదనను. అమెరికాలో ఒకప్పుడు ప్లాస్టిక్ కేసుని మళ్ళీ 12 అంగుళాల పొడవైన అట్ట పెట్టెలో పెట్టి అమ్మేవారు, పాత ఎల్పీల (పెద్ద గ్రామఫోను రికార్డుల) అరల్లో పట్టాలని. అట్ట వృథా అని గొడవ జరిగి 1993లో మానేశారు.

అయినా కొనేవాడి వైపు నుంచి చూస్తే ఒక పెద్ద తేడా ఉంది. జ్యూయల్ కేసు విరిగితే ఖాళీది కొని మార్చుకుంటాం. అన్నిటికీ ఒకటే కొలత, లోపలి కాగితాలు కొత్త దాంట్లో పెట్టేస్తే అయిపోయింది. అట్టకి ప్లాస్టిక్ ట్రే అతికించిన డిజిప్యాక్‌లో పళ్ళు విరిగితే మార్చడం చాలా కష్టం. అట్ట కవరు డిస్కుని గీస్తే ఆ డిస్కునే మార్చాలి. కంపెనీ వాళ్ళు ఒక్కో డిస్కుకి ఒక పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ తొడుగు వేసి అట్టలో పెట్టినా చాలు, సగం గొడవ ఉండేది కాదు. జపాన్ నుంచి వచ్చే చిన్న ఎల్పీ తరహా అట్ట కవర్లలో సాధారణంగా లోపల ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అందుకే అవి ఏళ్ళు గడిచినా శుభ్రంగా ఉంటాయి.

ఇక అమ్మకందారు సంగతి. ఫొటోలు పంపితే మొదట వచ్చిన జవాబు: "సీల్ ఓపెన్ చేశారు కాబట్టి రిటర్న్ కుదరదు." సీలు తీయకుండా లోపల డిస్కు ఎలా ఉందో ఎవరికి తెలుస్తుంది? తర్వాత, "ఫ్యాక్టరీ నుంచే అలా వస్తాయి, మా బాధ్యత కాదు" అన్నారు. ఇది అస్సలు ఒప్పుకోకండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, లోపం ఉన్న వస్తువుని గానీ, చెప్పినట్టు లేని వస్తువుని గానీ వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అనే హక్కు అమ్మకందారుకి లేదు. నేను 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఆ తర్వాతే వాళ్ళ మాట తీరు మారింది. డబ్బు వెనక్కి వచ్చింది, డెలివరీ చార్జీ తప్ప. అక్కడ కూడా పని కాకపోతే మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి.

నా వైపు పనికొచ్చిన ఆధారాలు రెండు. ఒకటి, పార్సిల్ మీద అడ్రసు కాగితం కనబడేలా మొదలుపెట్టి, డిస్కుల అడుగు భాగం వెలుతురులో చూపించేదాకా ఆపకుండా తీసిన వీడియో. రెండోది కంప్యూటర్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కుల్ని కాపీ చేసినప్పుడు వచ్చిన రిపోర్టు. ఏ ట్రాకులో ఎక్కడ చదవలేకపోయిందో అది నిమిషాలతో సహా రాసిస్తుంది. "మీ ప్లేయర్‌లోనే ప్రాబ్లం ఉందేమో" అన్న మాట ఆ రిపోర్టుతో ఆగిపోయింది. తిరిగి పంపాలనుకుంటే జిగురు తుడవకండి, ఆధారం పోతుంది. ఉంచుకోవాలనుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తటి గుడ్డకి కొద్దిగా అద్ది, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి. గోళ్ళ రంగు తీసే అసిటోన్ మాత్రం ముట్టించకండి, పాలీకార్బొనేట్ దెబ్బతింటుంది.

బిగువు కవరులోంచి తీసేటప్పుడు బొటనవేలు లోపలికి దూర్చి లాగొద్దు. కవరు రెండు పక్కల అంచుల్నీ మెల్లగా నొక్కితే నోరు తెరుచుకుంటుంది. అప్పుడు వంచితే డిస్కు దానంతట అదే అరచేతిలోకి జారుతుంది, అంచు పట్టుకుని తీసుకోండి. మళ్ళీ అందులో పెట్టకండి. విడిగా ప్లాస్టిక్ కేసులోనో, పాలీప్రొపిలీన్ తొడుగులోనో పెట్టి, ఖాళీ అట్టని బాక్సులోనే ఉంచండి. తొడుగు కొనేటప్పుడు ప్యాకెట్ మీద త్రికోణం గుర్తు ఉంటే లోపలి అంకె చూడండి. 5 అంటే పాలీప్రొపిలీన్, మంచిది. 3 అంటే పీవీసీ, వద్దు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ సామాన్ల చోట్ల ఖాళీ కేసుల కోసం అడిగి చూడండి, లేకపోతే ఆన్‌లైన్‌లో వెతకండి.

చివరిగా అసలు హెచ్చరిక. నేను తిరిగి పంపిన కొద్ది వారాలకి అదే సైట్‌లో, అదే అమ్మకందారు దగ్గర ఆ సెట్ మళ్ళీ అమ్మకానికి కనిపించింది. ఈసారి "ఒకసారి తెరిచినది, కొత్తదానిలా ఉంది" అని రాశారు. బాక్సు కింది మూల నొక్కుకుపోయిన చోటు ఫొటోలో అచ్చంగా నా దగ్గర ఉన్నట్టే ఉంది. డిస్కుల ఫొటో ఒక్కటీ లేదు. ఆ లిస్టింగ్ గురించి సైట్‌కి రిపోర్ట్ చేశాను, ఇది రాసే సమయానికి ఇంకా తీయలేదు. కాబట్టి కచేరీల బాక్స్ సెట్ ఏదైనా తెరిచినదని సగం ధరకి కనిపిస్తే, ప్రతి డిస్కు మెరిసే వైపు ఫొటో అడగండి. లోపల తొడుగు ఉందా అని మెసేజ్‌లోనే అడగండి, ఫోన్‌లో వద్దు, రాతలో ఉంటేనే తర్వాత చూపించుకోగలం. ఫొటో పంపడానికి సాకులు చెబితే వదిలేయండి. మీకు కూడా ఇలాంటి సెట్ వచ్చి ఉంటే, ఏ డిస్కుల్లో జిగురు ఉందో కింద రాయండి. అందరివీ ఒకేలా ఉంటే తయారు చేసిన కంపెనీకే కలిసి ఉత్తరం పంపుదాం, కొత్త డిస్కులు అచ్చు వేసి ఇవ్వమని.