నేలలోంచి పైకొచ్చే కరెంటు పైపుకు జీఐ ఛానల్, క్లాంపులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

కొత్తపట్నం వైపు మా రొయ్యల చెరువుల మీద నీటికి గాలి అందించే ఏరియేటర్లకు, ఒంగోలు పక్కన నల్లరేగడి పొలంలో బోరు మోటారుకు కరెంటు కేబుళ్లను భూమిలోంచే తీసుకెళ్లాము. రెండు చోట్లా పైపు నేలలోంచి పైకి లేచి స్టార్టరు పెట్టెలోకి చేరే ఆ నిలువు భాగాన్ని పట్టి ఉంచడానికి గాల్వనైజు చేసిన (జీఐ, అంటే జింకు పూత పెట్టిన) రంధ్రాల ఇనుప ఛానల్‌ను, దాని గాడిలోకి జారించి బోల్టుతో బిగించే రెండు ముక్కల క్లాంపులను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒకే సామాను ఉప్పుగాలిలో ఒక తీరుగా, రేగడిలో మరో తీరుగా నడిచింది కనుక రెండింటి సంగతీ విడివిడిగా రాస్తున్నాను.

సముద్రపు ఒడ్డున తేడా మొదట తెలిసింది తుప్పు దగ్గరే. అంతకు ముందు అక్కడ మేస్త్రీ వాడిన పలుచని ఇనుప శాడిళ్లు (పైపును గోడకు పట్టి ఉంచే పట్టీలు) కొన్నప్పుడు తళతళలాడేవి, కానీ ఆ తళుకంతా విద్యుత్తుతో పూత పెట్టిన కొద్ది మైక్రాన్ల జింకు మాత్రమే. ఒక వానాకాలం దాటేసరికి స్క్రూ తలల చుట్టూ ఎర్రని చారలు దిగి, పైపు గాలికి ఊగడం మొదలుపెట్టింది. కరిగిన జింకులో ముంచి తీసిన ఛానల్ మీద పొర దానికి ఎన్నో రెట్లు మందంగా ఉంటుంది. కొట్లో చూసి గుర్తుపట్టడం కష్టం కాదు: ముంచి తీసినది మసక బూడిద రంగులో, చేతికి కాస్త గరుకుగా తగులుతుంది. మా ఛానల్ మీద ఇప్పటికీ తెల్లని బూజులాంటి జింకు మచ్చలు ఉన్నాయే తప్ప ఎర్ర తుప్పు లేదు, ఒక్క కోసిన అంచుల దగ్గర తప్ప. ముక్కను రంపంతో కోసిన చోట పూత ఉండదు కాబట్టి అక్కడ జింకు పెయింటు పూయాలి, అది ఏటా మళ్లీ పూయవలసిన పనే. క్లాంపు బోల్టులను మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాను. పెద్ద జింకు ఉపరితలం మీద చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు వల్ల చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు, పైగా తీయవలసి వచ్చినప్పుడు పానాకు లొంగుతున్నాయి.

రేగడి నేల కథ వేరు. అక్కడ గాలి పెట్టే ఇబ్బంది తక్కువ, నేల పెట్టే ఇబ్బంది ఎక్కువ. కార్తీకం వానలకు ఉబ్బి, ఎండల్లో చెయ్యి దూరేంత నెర్రెలిచ్చే ఆ మట్టి తనలో ఉన్న పైపును పైకి నెడుతుంది, కిందికీ లాగుతుంది. పై కొనను పెట్టెకు గట్టిగా బిగించి, కింది కొనను నేలకు వదిలేస్తే, మధ్యలో ఏదో ఒకటి విరగక తప్పదు. సాధారణంగా విరిగేది పెట్టె అడుగున పైపును పెట్టెకు కలిపే అడాప్టరు. దీనికి తోడు పీవీసీ పైపు ఎండకు సాగే గుణం ఉంది. మీటరు పొడవుకు, డిగ్రీకి 0.06 మిల్లీమీటర్ల చొప్పున, 3 మీటర్ల పైపు 40 డిగ్రీల తేడాకు సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందువల్ల నేలలోంచి వచ్చే 32 మిల్లీమీటర్ల పైపు మీదికి, పెట్టెలోంచి దిగే 40 మిల్లీమీటర్ల పైపు ముక్కను జిగురు వేయకుండా టోపీలా జారవిడిచాము. పెద్దది పైన ఉండటం వల్ల వాన నీరు బయటి నుంచే జారిపోతుంది. పై ముక్కను పట్టే క్లాంపును బిగుతుగా, కింది పైపును పట్టే దాన్ని పైపు జారేంత వదులుగా ఉంచాలి. ఛానల్ క్లాంపులో నాకు బాగా నచ్చినది ఈ సౌలభ్యమే: గోడకు కొట్టిన శాడిల్‌లో ఇలా వదులు సర్దుకోలేము. కేబుల్‌ను కూడా నేల కింద ఒక వంపు తిప్పి మిగులు వదిలాము. అమెరికా విద్యుత్ నియమావళి కూడా నేల కుంగే చోట్ల ఇలాంటి వంపునూ, జారే జాయింటునూ సూచిస్తుంది.

చెరువు గట్టు మీద పీవీసీని నేల మట్టం దగ్గర ఒంటరిగా వదలడం నాకు సమ్మతం కాదు. మేత బస్తాల బండి తగులుతుంది, పార తగులుతుంది, ఎండకు పెళుసైన పైపు ఒక్క దెబ్బకే చిట్లుతుంది. అదే నియమావళి, తగలడానికి ఆస్కారం ఉన్న చోట నేలలోకి 18 అంగుళాల దాకా, నేలపైన 8 అడుగుల దాకా రక్షణ కోరుతుంది. మా స్టార్టరు పెట్టె అంతకన్నా దిగువనే ఉంది కనుక పెట్టె అడుగు వరకూ జీఐ పైపు తొడుగు వేశాము. ఆ తొడుగు వేసేవారు రెండు విషయాలు తప్పక పాటించాలని గట్టిగా కోరుతున్నాను. మూడు ఫేజుల తీగలూ ఒకే ఇనుప పైపులోంచి వెళ్లాలి. ఒక్కో ఫేజును ఒక్కో ఇనుప పైపులో వేస్తే అయస్కాంత ప్రభావానికి పైపే వేడెక్కుతుంది. ఆ పైపునూ ఛానల్‌నూ ఎర్తు తీగకు కలపాలి, ఎందుకంటే లోపల కేబుల్ తొడుగు ఒరుసుకుపోయిన నాడు, తడి గట్టు మీద చెప్పులు లేకుండా తిరిగే కూలీ చెయ్యి ఆనించేది ఆ పైపు మీదే. కేబుల్ కోసుకుపోకుండా పైపు కింది మూతికి బుష్ (పదునైన అంచును కప్పే నునుపైన తొడుగు) కూడా ఉండాలి.

ఛానల్‌ను గోడకు కాక, విడిగా కాంక్రీటు దిమ్మెలో నిలబెట్టాము. దిమ్మె పైభాగాన్ని నీరు నిలవకుండా వాలుగా చెక్కించడం, కాంక్రీటులోంచి ఇనుము బయటికి వచ్చే చోట జానెడు మేర తారు పూత వేయించడం అవసరం. నేలా గాలీ కలిసే ఆ గీత దగ్గరే ఇనుము అన్నిటికన్నా ముందు తినబడుతుంది. తారు పూయని పాత స్తంభం ఒకటి పైన నిక్షేపంగా ఉండి, అక్కడే కొరికినట్లు సన్నబడింది.

అసంతృప్తులు లేకపోలేదు. ఛానల్ గాడిలో కందిరీగలు గూళ్లు పెడతాయి, కాబట్టి పై కొనకు ప్లాస్టిక్ మూత వేయాలి. గాడిలో కూర్చునే స్ప్రింగు నట్లు మాత్రం కొత్తపట్నంలో ఛానల్ కన్నా ఎంతో ముందే తుప్పు పట్టాయి, స్టెయిన్‌లెస్‌వి మాకు ప్రతిసారీ దొరకలేదు. నల్లరేగడి పొలంలో అవే నట్లు ఇంకా మొదటివే ఉన్నాయి. అక్కడ నేను చేస్తున్నదల్లా ఎండాకాలం చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి ఆ జారే జాయింటు ఎంత లోపలికి దిగి ఉందో చూసి, పైపు క్లాంపులో పట్టేయకుండా వదులు సరిచేయడమే.