ఆ "మింట్ కండిషన్" అన్న దగ్గర స్టీల్‌బుక్ కొనకండి బాబోయ్

పార్సిల్ ఇప్పుడే విప్పా, ఒళ్లు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకోండి. ఎవరి గురించో మీకు అర్థమయ్యే ఉంటది, ప్రతి పోస్టు కింద "మింట్ కండిషన్ బ్రో" (అంటే కొత్తదానిలా చెక్కుచెదరకుండా ఉందని) అని పెట్టే ఆయనే. టెర్మినేటర్ 2 సినిమా ఫోర్‌కే డిస్క్, స్టీల్‌బుక్ (ప్లాస్టిక్ డబ్బా బదులు బొమ్మ అచ్చేసిన రేకు డబ్బా), సీల్డ్, 5,200 అన్నాడు, బేరం కూడా ఆడకుండా ఫోన్‌పే కొట్టేశా. పది రోజులు ఉలుకూ పలుకూ లేదు, గట్టిగా అడిగితే "తిరుపతి వెళ్లొచ్చా అన్నా, గుండు కూడా చేయించుకున్నా, పార్సిల్ ఇవాళే వేస్తున్నా, ఇదిగో ఇప్పుడే తీసిన ఫోటో" అని ఒకటి పెట్టాడు. దేవుడి పేరు ఎత్తాక ఇంకేం అడుగుతాం.

వచ్చింది అట్టపెట్టెలో కూడా కాదండీ, చీరలు పంపే ప్లాస్టిక్ కవర్లో! సీల్ లేదు, వెనకుండే జే-కార్డ్ (వివరాలు అచ్చేసిన కాగితం) లేదు, స్పైన్ (డబ్బా వీపు అంచు) మీద ఇంత గీత. 1991లో ఆ విలన్ పాదరసంలా కరిగి మళ్లీ మనిషయ్యే సీన్ చూసినోళ్లకి ఈ సినిమా స్టీల్లోనే ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు, డబ్బా మీద తెల్ల పూత వెయ్యకుండా వదిలేసిన చోట అసలు రేకు తళుక్కుమంటది చూడండి, కిక్కంతా అక్కడే. సరిగ్గా అక్కడే సొట్ట.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "అన్నా, సినిమా చూడ్డానికి కొన్నావా, డబ్బా చూడ్డానికి కొన్నావా? డిస్క్ ఆడుద్దిగా, సర్దుకో." వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే నిజంగానే డబ్బా చూడ్డానికే కొన్నా, సినిమా మామూలు బ్లూరేలో ఎప్పట్నుంచో ఉంది! ఈ ముక్క వాడికి చెప్పుకోలేను, మా ఆవిడకి అసలే చెప్పుకోలేను (ఆవిడ లెక్కలో ఇది 900).

తర్వాత ఆ ఫోటో మళ్లీ తీసి జూమ్ చేశా. మెరిసే రేకు కదా, తీసేవాళ్లు అందులో కనపడతారు. చూస్తే భుజాల దాకా జుట్టున్న మనిషి, వెనక పెద్ద అద్దాల బీరువా. గుండు మీద అంత జుట్టు మొలిచిందంటే వెంకన్న మహిమే అనుకోవాలి. సొట్టలున్నాయేమో అని అదే ఫోటో ఇరవైసార్లు చూశానండీ, మనిషిని మాత్రం చూళ్లేదు, నాకంటే గుడ్డోడు ఎవడుంటాడు.

కొనేవాళ్లు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టించి వీడియో అడగండి, విప్పేటప్పుడు మీరూ తీసుకోండి. నేను తియ్యలేదు.

ఇంతకీ ఈ సొట్ట లోపల్నుంచి నొక్కి ఎవరైనా సరిచేశారా? రంగు పగులుద్దేమో అని చెయ్యి రావట్లేదు.