స్కార్పియో వెనుక కుంగుబాటుకు గాలి సంచులు: తిరుపతిలో చేయించిన పనిపై సమీక్ష

తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే దారిలో ఉన్న ఒక స్ప్రింగుల వర్క్‌షాపులో మా పాత స్కార్పియో వెనుక కాయిల్ స్ప్రింగులలో, బరువు మోయడంలో వాటికి తోడ్పడే గాలి సంచులు అమర్పించుకున్నాము. బంగారుపాళ్యం దగ్గరి మా తోట నుంచి బెంగళూరులోని బంధువుల ఇళ్లకు బేనీషా, మల్లిక కాయలు చేరవేయడానికీ, పెళ్లిళ్లకు ఇంటిల్లిపాదీ సామానుతో సహా వెళ్లడానికీ ఈ బండినే వాడతాము. మామిడి సీజను మొత్తం నడిపి చూసిన తరువాత, ఈ పని చేయించుకోవచ్చునని చెప్పగలుగుతున్నాను. అయితే ఇది అందరికీ అవసరమైన పని కాదు, దీనితో అన్ని ఇబ్బందులూ తీరవు కూడా.

మా ఇబ్బంది బరువు బండి ఉన్న ప్రతివారికీ తెలిసినదే. క్రేట్లు ఎక్కించగానే వెనుక భాగం కూర్చునేది, ముందు భాగం పైకి లేచేది. మొగిలి ఘాట్‌లో ఎక్కుతున్నప్పుడు స్టీరింగు తేలికైపోయి, తిప్పిన వెంటనే చక్రం మాట విననట్టు అనిపించేది. రాత్రి పూట డిమ్‌లో ఉన్నా ఎదుటివారి కళ్లలోకి వెలుగు కొట్టేది, వాళ్లు లైట్లు వేసి ఆర్పి హెచ్చరించేవారు. స్పీడ్ బ్రేకరు దాటితే బంప్ స్టాప్ రబ్బరుకు ఇరుసు తగిలి ధన్‌మని చప్పుడయ్యేది. ఇంతకుముందు మరొక చోట చూపించినప్పుడు షాక్ అబ్జార్బర్లు పోయాయని చెప్పి జతను మార్చారు. బిల్లు కట్టాము గానీ కుంగడం ఏమాత్రం తగ్గలేదు. తగ్గడానికి కారణమూ లేదు, ఎందుకంటే మామూలు షాక్ అబ్జార్బరు బరువును మోయదు. బండిని మోసేది స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచడం మాత్రమే షాక్ అబ్జార్బరు పని.

ఈ వర్క్‌షాపు మీద నాకు నమ్మకం కుదిరింది మొదటి అరగంటలోనే. పెద్ద మేస్త్రి ఏ వస్తువూ చూపించలేదు, ఏ ధరా చెప్పలేదు. సమతలంగా ఉన్న గచ్చు మీద బండిని ఆపించి, నాలుగు టైర్లలో గాలి సరిచేయించి, చక్రం నడిమి బిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచాడు. ఎడమ, కుడి వైపులను పోల్చి చూశాడు. ఆ తరువాత, నేను ముందుగానే ఫోనులో చెప్పి తెచ్చిన క్రేట్లను ఎక్కించి మళ్లీ కొలిచాడు. ఖాళీగా ఉన్నప్పుడు రెండు పక్కలా ఎత్తు సమానంగా, ఉండవలసినంత ఉంది. బరువుతో మాత్రం 7 సెంటీమీటర్లు దిగింది. "ఖాళీ బండి కుంగి ఉంటే స్ప్రింగు పోయినట్టు సార్, జత మార్చాల్సిందే. మీది బరువేస్తేనే దిగుతా ఉంది, స్ప్రింగు బాగుంది, దాన్ని ముట్టుకునే పని లేదు" అన్నాడు. కొత్త స్ప్రింగులు అమ్మితే అతనికి మిగిలేది ఎక్కువే. అయినా ఆ మాట చెప్పినందుకు ఈ షాపును మెచ్చుకోవాలి.

తరువాత మాకున్న దారులను ఒక్కొక్కటిగా వివరించాడు. అన్నిటికన్నా చవకైనది, స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫరు. అది ఒక చుట్టును కదలకుండా పట్టేస్తుంది. పని చేసే చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది కాబట్టి బండి లేచినట్టు కనిపిస్తుంది, కానీ ఆ గట్టిదనం బండి ఖాళీగా ఉన్నప్పుడూ పోదు. మట్టి, నీరు ఆ సందులో చేరి రంగు లేచిపోయి స్ప్రింగు తుప్పు పడుతుంది. రెండవది, స్ప్రింగు కింద పెట్టే స్పేసరు. అది ఎత్తును పెంచుతుందే తప్ప స్ప్రింగు బలాన్ని పెంచదు, అంటే అదే బరువుకు బండి మళ్లీ అన్నే సెంటీమీటర్లు దిగుతుంది. పైగా చక్రం కిందికి సాగడానికి ఉన్న వెసులుబాటును తినేస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతున్నందున, ఎత్తు పెంచే పనుల విషయంలో ఆర్‌సీని, బీమాను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. మూడవది గట్టి స్ప్రింగులు. ఏడాది పొడుగునా బరువు మోసే బండికి అవే సరైనవి. మా బండి ఎక్కువ రోజులు ఒకరిద్దరితోనే తిరుగుతుంది, కాబట్టి గాలి సంచులే మేలని తేల్చాడు.

స్ప్రింగు లోపల నిలువుగా కూర్చునే గట్టి పాలీయురేథేన్ గొట్టమే ఈ సంచి. అందులో గాలి నింపితే స్ప్రింగుతో పాటు అదీ బరువును పంచుకుంటుంది, గాలి తగ్గిస్తే స్ప్రింగు దాదాపు ఎప్పటిలాగే మెత్తగా పని చేస్తుంది. అమెరికాలో ఎయిర్ లిఫ్ట్, ఫైర్‌స్టోన్ కంపెనీలు తయారు చేసే ఇటువంటి కిట్లకు గాలి పరిమితి 5 నుంచి 35 పీఎస్ఐ. ఖాళీ బండిలోనూ 5కు తగ్గకూడదు, ఎందుకంటే సంచి ముడతలు పడి చుట్ల మధ్య నలిగిపోతుంది. గాలి నింపేటప్పుడు తొందర పనికిరాదు. సంచిలో పట్టే గాలి చాలా కొద్ది కాబట్టి, పెట్రోలు బంకులోని కంప్రెషరు క్షణంలో పరిమితి దాటించి దాన్ని చించేయగలదు. చేతి పంపుతో కొట్టుకోవడమే క్షేమం.

అమరికలో నాకు అన్నిటికన్నా నచ్చినది గాలి గొట్టాలను వేసిన తీరు. రెండు సంచులను ఒకే గొట్టానికి కలిపి ఒకే వాల్వు పెట్టడం తేలిక, చాలామంది అలాగే చేస్తారు. కానీ అలా కలిపితే, ఘాట్ మలుపులో బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క సంచిలోని గాలి రెండో పక్కకు పారి, బండి మరింత వాలుతుంది. ఇక్కడ రెండు గొట్టాలు విడివిడిగా తెచ్చి, వెనుక బంపరు కింద రెండు వాల్వులు పక్కపక్కనే బిగించారు. సైలెన్సరు వేడి తగలకుండా గొట్టాన్ని ఛాసిస్‌కు అవతలి వైపు నుంచి తిప్పి, పదునైన అంచులున్న చోట రబ్బరు తొడుగు వేశారు. చివరికి ప్రతి జాయింటు మీదా సబ్బు నురగ రాసి, బుడగ లేవదని నాకు చూపించిన తరువాతే జాకీ దించారు.

ఫలితం విషయానికి వస్తే, అవే క్రేట్లు వేసి 22 పీఎస్ఐ పెట్టినప్పుడు దిగుడు 7 సెంటీమీటర్ల నుంచి 2కు తగ్గింది. ఆ రెండు కూడా లేకుండా చేయమని అడిగితే మేస్త్రి ఒప్పుకోలేదు. బరువుతో ఉన్న బండి ఖాళీ బండి కన్నా ఎత్తుగా ఉండకూడదనీ, వెనుక మరీ గట్టిపడితే తడి రోడ్డు మలుపులో వెనుక చక్రాలు జారే ప్రమాదం పెరుగుతుందనీ చెప్పాడు. ఆ మాట నిజమే. మొగిలి ఘాట్‌లో ఇప్పుడు బండి ఒదిగి మలుపు తిరుగుతోంది, బంప్ స్టాప్ చప్పుడు పోయింది, ఎదుటివారు లైట్లు కొట్టడం దాదాపు ఆగిపోయింది.

ఇక గాలి సంచులు చేయలేని పని ఒకటుంది. దీన్ని కొనేవారు తప్పక తెలుసుకోవాలి. బండి సమంగా నిలబడినంత మాత్రాన మోయగల బరువు పెరగదు. ఇరుసు, బ్రేకులు, టైర్లు, చక్రాల బేరింగులు పాతవే. యజమాని పుస్తకంలో రాసిన మొత్తం బరువే ఇప్పటికీ హద్దు. అలాగే వెనుక వేసిన బరువు ముందు చక్రాలను తేల్చడాన్నీ ఇవి ఆపలేవు. మా పాత మోడల్ స్కార్పియోకు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2.68 మీటర్లు. వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనుక 100 కిలోలు పెడితే, ముందు ఇరుసు మీద దాదాపు 37 కిలోలు తగ్గుతాయి, వెనుక ఇరుసు మీద 137 కిలోలు పడతాయి. సంచిలో ఎంత గాలి కొట్టినా ఈ లెక్క మారదు. దీన్ని మార్చాలంటే బరువైన క్రేట్లను రెండో వరుస సీటు వీపుకు ఆనించి, వెనుక ఇరుసు వైపుకు, ముందుకు జరపాలి. ట్రైలరు లాగేవారికి ఇది మరింత ముఖ్యం. ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడేలా సర్దడం వాడుక, ఆ హుక్కు ఉండేది ఇరుసుకు బాగా వెనుకనే. పెద్ద ట్రైలరుకు ఆ భారాన్ని ముందు చక్రాలకు తిరిగి పంచే ప్రత్యేకమైన హిచ్ (కొక్కెం అమరిక) కావాలి. గాలి సంచులు దానికి తోడు మాత్రమే.

షాపు మీద ఫిర్యాదులూ ఉన్నాయి. చెప్పిన సమయానికి పని మొదలు కాలేదు, మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చోవలసి వచ్చింది. కూర్చోవడానికి నీడ కూడా సరిగా లేదు. కిట్టు ధర ఎంతో, మజూరీ ఎంతో బిల్లులో విడదీసి రాయలేదు, అడిగితేనే చెప్పారు. గ్యారంటీ నోటి మాటే. ఇంత ఖరీదైన పనికి తక్కువ పీఎస్ఐ చూపించే చిన్న గేజి ఒకటి ఇవ్వవలసింది, దాన్ని మేమే వెతికి కొనుక్కున్నాము. టైర్ల గేజి ఈ పనికి చాలదు, అది 10 లోపల సరిగా చూపించదు.

బొలెరో వంటి కమాన్ కట్టల (ఒకదానిపై ఒకటి పేర్చిన ఇనుప పట్టాల స్ప్రింగుల) బండ్లకు ఈ సంచులు సరిపోవు, వాటికి పట్టా చేర్చడమో, కట్టల పైన అమర్చే వేరే రకం సంచులో ఉంటాయి. ఆ పనీ ఇక్కడ చేస్తారు గానీ నేను చేయించి చూడలేదు. కొత్త బండి గలవారు వారంటీ సంగతి ముందుగా కంపెనీ షోరూములో అడిగి వెళ్లాలి. వెళ్లేటప్పుడు మామూలుగా వేసే బరువును వెంట తీసుకువెళ్లండి, ఉదయాన్నే చేరుకోండి, కొలతలు రెండుసార్లూ మీ కళ్ల ముందే తీయించి ఆ అంకెలను బిల్లు మీద రాయించుకోండి.