క్యూజీఐఎస్ రంగుల నియమాలు: వాన మ్యాపుల మీద ఏళ్ల వాడకం తర్వాత

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో నాకు బాగా నచ్చినదీ, బాగా కోపం తెప్పించినదీ ఒకటే: రూల్-బేస్డ్ సింబాలజీ. షరతు రాస్తే దానికి సరిపోయిన మండలానికి ఆ రంగు పడుతుంది. ఏ షరతుకీ సరిపోని మండలం మ్యాపులోంచి మాయమైపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, లెజెండ్‌లో (రంగుల సూచికలో) దాని ఊసే ఉండదు. వాన మ్యాపులో ఆ తెల్లటి చిల్లు చూసినవాళ్లెవరైనా "అక్కడ చుక్క పడలేదు" అనే చదువుకుంటారు. గూగుల్ షీట్స్‌లో, ఎక్సెల్‌లో ఇంత ప్రమాదం లేదు. గడికి రంగు పడకపోయినా అందులో అంకె కనబడుతూనే ఉంటుంది. మ్యాపులో రంగుతోపాటు మండలం ఆకారమే పోతుంది.

ఇన్‌స్టాల్ చేయడం, లేయర్ తెరవడం, గ్రాడ్యుయేటెడ్‌కి (అంకెల శ్రేణిని బట్టి రంగు) కేటగరైజ్డ్‌కి (పేరుని బట్టి రంగు) తేడా, ఇవన్నీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నా వాడకమంతా రెండు పనుల చుట్టూ తిరుగుతుంది. ఒకటి నైరుతి కాలంలో శ్రీకాకుళం జిల్లా 30 మండలాలకి సాధారణ వర్షపాతంతో పోల్చిన తేడా మ్యాపు. రెండోది తుపాను రోజుల్లో ఒక్కరోజు వాన మ్యాపు.

ఆ చిల్లు ఎందుకు పడుతుందంటే: భారత వాతావరణ శాఖ వర్గీకరణలో సాధారణం కంటే 60 శాతం, ఆపైన ఎక్కువైతే భారీ అధికం. 20 నుంచి 59 అధికం. మైనస్ 19 నుంచి ప్లస్ 19 సాధారణం. మైనస్ 20 నుంచి మైనస్ 59 లోటు, మైనస్ 60 నుంచి మైనస్ 99 భారీ లోటు, మైనస్ 100 అయితే వాన లేనట్టు. ఎవరైనా దీన్ని చూసి ఉన్నదున్నట్టే ఆరు నియమాలుగా ఎక్కిస్తారు: "తేడా" మైనస్ 19కి సమానం లేదా ఎక్కువైతే ఆకుపచ్చ, మైనస్ 20కి సమానం లేదా తక్కువైతే ఎరుపు, ఇలా. కాగితం మీద ఎక్కడా సందు కనబడదు.

కానీ ఆ వర్గీకరణ పూర్ణ సంఖ్యలకి రాసింది. మన కాలమ్‌లో ఉండేవి దశాంశాలు. ఉదాహరణకి ఒక మండలం సాధారణ వర్షపాతం 190 మి.మీ., కురిసింది 153 మి.మీ. అనుకోండి. తేడా మైనస్ 19.47 శాతం. అది మైనస్ 19 కంటే తక్కువ, అంటే సాధారణం నియమానికి దొరకదు. మైనస్ 20 కంటే ఎక్కువ, అంటే లోటు నియమానికీ దొరకదు. ఎక్సెల్ పట్టికలో దశాంశాలు దాచేసి ఉంటే అక్కడ చక్కగా మైనస్ 19 అని కనబడుతుంది, పక్కన "సాధారణం" అనీ ఉంటుంది. మ్యాపులో మాత్రం ఆ మండలం లేదు. ఇలాంటి సందులు ఆ వర్గీకరణలో ఐదు ఉన్నాయి: మైనస్ 99కి 100కి మధ్య, మైనస్ 59కి 60కి మధ్య, మైనస్ 19కి 20కి మధ్య, ప్లస్ 19కి 20కి మధ్య, 59కి 60కి మధ్య.

ఒక్కరోజు వానలోనూ ఇదే తంతు. 64.5 నుంచి 115.5 మి.మీ. భారీ, 115.6 నుంచి 204.4 అతి భారీ, అంతకు మించితే అత్యంత భారీ. రెయిన్‌గేజ్ రీడింగ్ మామూలుగా ఒక దశాంశం వరకే ఉంటుంది కాబట్టి నేరుగా వాడితే ఇబ్బంది రాదు. మండలానికి రెండు గేజీల సగటు తీసి, ఒకటి 115.5, ఇంకొకటి 115.6 అయితే వచ్చేది 115.55. అంత వాన కురిసిన మండలం తుపాను రోజున మ్యాపులో తెల్లగా మిగిలిపోతుంది. దీని మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా.

సందు పూడ్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది హద్దులు ఆనేలా రాయడం: మైనస్ 20 కంటే ఎక్కువ, 20 కంటే తక్కువ అయితే సాధారణం. రెండోది ముందు రౌండ్ చేసి, ఆ తర్వాత పోల్చడం: రౌండ్("తేడా") >= -19. రెండింటికీ ఒకే ఫలితం రాదు. మైనస్ 19.6 మొదటి పద్ధతిలో సాధారణం, రెండో పద్ధతిలో మైనస్ 20 అయి లోటు. పక్కన పెట్టే పట్టికలో పూర్ణ సంఖ్యలుంటే రెండోదే వాడాలి. లేకపోతే పట్టికలో మైనస్ 20 అని ఉన్న మండలం మ్యాపులో ఆకుపచ్చగా ఉంటుంది, అడిగినవాళ్లకి జవాబు చెప్పలేం.

రౌండ్ చేయడంలోనూ ఒక మెలిక ఉంది. 190 మి.మీ. రావలసినచోట 0.2 మి.మీ. పడితే తేడా మైనస్ 99.89. రౌండ్ చేస్తే మైనస్ 100, అంటే "వాన లేదు" రంగు. చినుకైనా పడింది కదా. అందుకని వాన లేదన్న నియమాన్ని శాతం మీద రాయకూడదు, అసలు వాన కాలమ్ మీద రాయాలి: "వాన" = 0. భారీ లోటు నియమంలో కింది హద్దు తీసేసి, "వాన" > 0 అన్న షరతు కలపాలి. ఇంతా చేశాక ఆరు నియమాలూ ఒకదాన్నొకటి తాకుతూ, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా కుదురుకుంటాయి.

ఇక నల్ విలువలు, అంటే ఏ అంకే లేని ఖాళీలు. రీడింగ్ రాకపోతే నల్. పేరు కలవక జాయిన్ (పట్టికని మ్యాపుతో కలపడం) తప్పితే నల్. సాధారణ వర్షపాతం సున్నా ఉన్న రోజున భాగహారం చేసినా నల్. నల్‌ని దేనితో పోల్చినా నిజం అవదు, "సున్నాకి సమానం కాదు" అన్నా అవదు. ఈజ్ నల్ అని విడిగా రాయాలి, లేదా ఎల్స్ నియమం పెట్టాలి.

ఈ ఎల్స్ నియమం దొరికాక ప్రాణం లేచొచ్చింది. నియమం పెట్టె తెరిస్తే ఫిల్టర్ కింద ఎల్స్ అని ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే ఏ నియమానికీ చిక్కని వాటన్నిటినీ అదే పట్టుకుంటుంది. చాలామంది దీనికి బూడిద రంగు ఇచ్చి "డేటా లేదు" అని పేరు పెడతారు. నేను అలా పెట్టను. ఈజ్ నల్ నియమానికి బూడిద రంగు, ఎల్స్‌కి కళ్లు చెదిరే గులాబీ రంగు. బూడిద అంటే రీడింగ్ రాలేదని అర్థం, అది ప్రింటులో ఉండొచ్చు. గులాబీ అంటే నియమాల్లో సందు ఉందని అర్థం, అది ఒక్క మండలానికి కనబడినా మ్యాపు బయటికి వెళ్లకూడదు. ఈ రెండింటినీ ఒకే రంగులో కలిపేస్తే 115.55 మి.మీ. కురిసిన మండలం "డేటా లేదు" అయి కూర్చుంటుంది.

ఎల్స్‌లో తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఒక నియమం కింద పిల్ల నియమంగా పెట్టిన ఎల్స్ ఆ తల్లి నియమం లోపలివాటినే పట్టుకుంటుంది, మొత్తం లేయర్‌ని కాదు. అంచేత ఎల్స్‌ని ఎప్పుడూ బయటి వరసలోనే ఉంచాలి.

దీనికి తోడు కౌంట్ ఫీచర్స్ బటన్. నొక్కితే ప్రతి నియమం పక్కన ఎన్ని మండలాలు పడ్డాయో, వాటిలో ఎన్ని వేరే నియమంలోనూ ఉన్నాయో రెండు నిలువు వరసల్లో చూపిస్తుంది. మొదటి వరస మొత్తం 30 రావాలి, రెండో వరస అంతా సున్నా ఉండాలి. అర నిమిషం పని. ఏ మ్యాపైనా పీడీఎఫ్ తీసేముందు ఇది చూడకుండా తీయకూడదు.

2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల విభజన తర్వాత ఈ బటన్ విలువ ఇంకా తెలిసింది. పాత శ్రీకాకుళం హద్దుల ఫైలులో 38 మండలాలు, కొత్త పట్టికలో 30. జాయిన్ చేయగానే ఈజ్ నల్ పక్కన 8 అని వస్తుంది: విజయనగరానికి వెళ్లిన రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస, పార్వతీపురం మన్యానికి వెళ్లిన పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం. ఎనిమిదికి మించి వచ్చిందంటే పేర్ల స్పెల్లింగ్ దగ్గర జాయిన్ తప్పినట్టే. ఎచ్చెర్ల, జి.సిగడాం, ఎల్.ఎన్.పేట, వజ్రపుకొత్తూరు, వీటిని ఇంగ్లీషులో ఒక్కో పట్టిక ఒక్కోలా రాస్తుంది. ఆమదాలవలస, రేగిడి ఆమదాలవలస సంగతి చెప్పనక్కర్లేదు, సగం పేరుతో వెతికితే రెండూ దొరుకుతాయి, అవి ఇప్పుడు రెండు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. పేరుతో జాయిన్ మానేసి, ప్రతి మండలానికీ విడిగా ఉండే ప్రభుత్వ సంఖ్య అయిన లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌తో కలుపుకుంటే ఈ బెడద వదిలిపోతుంది.

మొదట్లో నాకు తెగ నచ్చిన ఇంకో గుణం: ఒక మండలానికి ఎన్ని నియమాలు సరిపోతే అన్నిటినీ ఇది ఒకదానిమీద ఒకటి గీస్తుంది. షీట్స్‌లోలాగా మొదటిది దొరకగానే ఆగదు. తేడాకి రంగు వేసి, వారం రోజులుగా ఒక్క వానరోజు (2.5 మి.మీ. లేదా ఆపైన పడిన రోజు) కూడా లేని మండలాలకి దానిమీద వాలుగీతలు వేయొచ్చు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే గీతల నియమం పెట్టగానే కౌంట్ ఫీచర్స్ రెండో వరసలో సున్నాలు పోతాయి. నిజంగా రెండు రంగుల నియమాలు ఒకదానిమీద ఒకటి ఎక్కినా ఆ అంకెల మధ్య కనబడదు. పైగా సింబల్‌కి పారదర్శకత ఇచ్చి ఉంటే రెండు రంగులు కలిసి లెజెండ్‌లో లేని మూడో రంగు పుడుతుంది. ఇప్పుడు గీతల కోసం లేయర్‌ని డూప్లికేట్ చేసి విడిగా పెడుతున్నాను, పారదర్శకతని సింబల్‌కి కాకుండా లేయర్ రెండరింగ్‌లో ఇస్తున్నాను.

రంగుల ఎంపిక గురించి కూడా చెప్పాలి. వాతావరణ శాఖ మ్యాపుల్లో లోటుకి ఎరుపు, భారీ లోటుకి పసుపు. అదే శాఖ హెచ్చరికల్లో పసుపు చిన్నది, నారింజ దానికంటే పెద్దది, ఎరుపు అన్నిటికంటే పెద్దది. హెచ్చరికలకి అలవాటుపడిన కళ్లు తేడా మ్యాపులో పసుపు మండలాన్ని ఎరుపు దానికంటే నయం అనుకుంటాయి, నిజం అందుకు తిరగబడి ఉంటుంది. శాఖ మ్యాపు పక్కన పెట్టి చూపించే అవసరం ఉంటే ఆ రంగులే ఉంచాలి. లేకపోతే లోటు వైపు గోధుమ, అధికం వైపు నీలి-ఆకుపచ్చ వచ్చే బీఆర్‌బీజీ ర్యాంప్ (రంగుల వరస) మేలు. ఎరుపు, ఆకుపచ్చ జిరాక్స్ తీస్తే దాదాపు ఒకే బూడిద అవుతాయి, మండల కార్యాలయాల్లో చేతులు మారేది ఆ జిరాక్సే. వ్యూ మెనూలో ప్రివ్యూ మోడ్‌కి వెళ్తే గ్రేస్కేల్‌లో ఎలా ఉంటుందో, రంగుల తేడా తెలియని కంటికి ఎలా కనబడుతుందో అక్కడికక్కడే చూడొచ్చు. బీఆర్‌బీజీ కూడా గ్రేస్కేల్‌లో రెండు కొసలూ ఒకేలా నల్లబడతాయి కాబట్టి జిరాక్స్‌కి వెళ్లే మ్యాపులో మండలం మీద అంకె వేయడం తప్పదు.

స్టైల్‌ని క్యూఎంఎల్ ఫైలుగా దాచుకుంటే ఏటా పనికొస్తుంది, కాలమ్ పేరు మారకపోతేనే. రోజుకో తేదీ పేరుతో కాలమ్ పెట్టేవాళ్లకి నియమాలన్నీ రోజూ చెడిపోతాయి. కాలమ్ పేరు ఎప్పుడూ "వాన", "తేడా" అనే ఉంచి లోపలి అంకెలు మార్చాలి. ఇవి జియోప్యాకేజ్ రకం మ్యాపు ఫైలులో నిక్షేపంగా నడుస్తాయి. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకి 10 బైట్లే చోటు. యూటీఎఫ్-8లో తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు ఒక్కోటీ 3 బైట్లు. "వాన"కి 9 పడుతుంది, సరిపోతుంది. "తేడా"కి 12 కావాలి, దీర్ఘం తెగిపోతుంది, నియమాలు ఆ కాలమ్‌ని గుర్తుపట్టవు.

బార్ చార్టులకి మాత్రం క్యూజీఐఎస్ దాకా వెళ్లనక్కర్లేదు. ఎక్సెల్‌లో గడుల కండిషనల్ ఫార్మాటింగ్ చార్టు బార్లకి రాదు కాబట్టి ఒక్కో తరగతికి ఒక్కో కాలమ్ చేసి, ఆ తరగతి కానిచోట ఎన్ఏ ఫంక్షన్ పెట్టి, సిరీస్ ఓవర్‌ల్యాప్ 100 శాతం చేస్తే బార్లకి షరతుల రంగులు వచ్చేస్తాయి. హద్దుల దగ్గర సందు సంగతి అక్కడా అంతే.

కొనసాగిస్తారా అంటే, నా పనికి అవును. ఒకే జిల్లా, అవే ఆరు తరగతులు, వానాకాలమంతా రోజూ అదే మ్యాపు కావాలి నాకు. ఒక్కసారి నియమాలు కుదిర్చితే చాలు. ఏడాదికి ఒకటో రెండో మ్యాపులు చేసేవాళ్లకి గ్రాడ్యుయేటెడ్ చాలు. దాన్లో తరగతుల హద్దులు ఒకదానికొకటి ఆని ఉంటాయి, సందు సమస్య రాదు. కాకపోతే తరగతులు చేసిన రోజు ఉన్న గరిష్ఠం దగ్గరే చివరి హద్దు ఆగిపోతుంది. జూన్ అంకెలతో చేసిన స్టైల్‌లో అక్టోబరు తుపాను వాన పోస్తే అన్నిటికంటే ఎక్కువ కురిసిన మండలాలే మాయమవుతాయి. చివరి తరగతి పై హద్దుని చేత్తో 1000 మి.మీ. చేసి పెట్టుకోండి.