క్లినికల్‌ట్రయల్స్.గవ్: పెద్దవయసు వాళ్ల కోసం వెతికితే

మా నాన్నకు 78 ఏళ్లు, పెద్దపేగు క్యాన్సర్. డాక్టర్ చెప్పిన మందును ఆ వయసువాళ్ల మీద ఎంతవరకు పరీక్షించారో చూద్దామని, మనుషుల మీద జరిగే వైద్య పరీక్షల (ట్రయల్స్) వివరాలుండే ఈ వెబ్‌సైట్ తెరిచాను. 2000 నుంచి అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడుపుతోంది. ఉచితం.

వెతకడం తేలికే. 65 దాటినవాళ్లకు వేరే ఫిల్టర్ ఉంది. అయితే దాన్ని నొక్కగానే సంబరపడిపోకండి. ఆ వయసువాళ్లు చేరొచ్చని మాత్రమే దాని అర్థం, చేరారని కాదు. అర్హతలు చదవండి, అసలు సంగతి తెలుస్తుంది. చాలా ట్రయల్స్‌లో కిడ్నీలు బాగుండాలి, గుండెజబ్బు ఉండకూడదు, ఇంతకుముందు వేరే క్యాన్సర్ వచ్చి ఉండకూడదు. ఆ వయసులో ఇవన్నీ దాటుకొచ్చేవాళ్లు ఎంతమందండీ?

నాకు పనికొచ్చింది ఫలితాల విభాగం. ఏయే వయసువాళ్లు చేరారో బేస్‌లైన్ పట్టికలో, అంటే ట్రయల్ మొదలైనప్పటి వివరాల పట్టికలో ఉంటుంది. కొన్నిటిలో 65 పైబడిన అందరినీ ఒకే గడిలో వేసేస్తారు. 66 ఏళ్లాయనా మా నాన్నా ఒకటేనట! 1999లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో క్యాన్సర్ ట్రయల్స్‌లో చేరినవాళ్లలో 65 దాటినవాళ్లు 25 శాతమే. బయట క్యాన్సర్ రోగుల్లో మాత్రం 63 శాతం. క్యాన్సర్ ట్రయల్స్‌లో పెద్దవాళ్లను చేర్చుకోమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో మార్గదర్శకాలిచ్చింది. పాత మందుల పట్టికలు దాంతో మారవు కదా.

ఇంగ్లిష్, వైద్య పదాలు కాస్త టెన్షన్ పెడతాయి. అయినా ఆ పట్టిక ప్రింట్ తీసి డాక్టర్‌కు చూపించండి, డోసు గురించి అడగడానికి ఆధారం దొరుకుతుంది. 5కి 4 ఇస్తాను.